పదహారు ముద్దలు

సెప్టెంబరు 4, బుధవారం

వాన తెరిపిచ్చింది. స్టేషన్ దగ్గర బాటలో ఇంకా మోకాలి లోతు నీళ్ళున్నాయట. పర్వతాలు ఈ రోజు కూడా మల్కాజ్‌గిరి అంతా చుట్టి లాలాగూడ వర్క్‌షాపుకు వెళ్ళాడు. చేరానని ఫోన్ చెయ్యలేదు. తొమ్మిదిన్నర దాకా చూసి నేనే చేశాను.

"చేరిన అమ్మా, చేరిన. యాభై ఒక్క ఏండ్లొచ్చినయి, ఇంక బడికి పంపినట్టే జేస్తవ్" అన్నాడు. వెనక ఎవరో నవ్వడం వినిపించింది. నవ్వనీ.

ఈ పుస్తకం సలోమక్క ఇచ్చింది. వాళ్ళ చర్చిలో ఇచ్చారట, ఏడాది సగం అయిపోయాక నాకు తెచ్చింది. "నీ రందులన్ని ఇనీ ఇనీ నా చెవులు పోయినయి రాజ్యం. ఇందుల రాసుకో, నాకు చెప్పకు" అంది. నాలుగో తరగతి చదువు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. ఎవరు చూస్తారులే.

గయ ప్రయాణం ఖాయమైంది. ఇరవయ్యో తారీఖు. రైలు పాసు కూడా రాయించాడట. ఆయన పోయి పదకొండేళ్ళయినా గయలో పిండం పెట్టలేదని వాడికి మనసులో ఉంది. నన్ను కూడా రమ్మంటున్నాడు. బీపీ, షుగరు, మోకాళ్ళు, అంత దూరం నేను రాలేనన్నాను. "నువ్వు రాకుంటె పేర్లు ఎవరు చెప్తరు?" అన్నాడు.

పేర్లు చెప్పాలట. అక్కడ ఉండే తెలుగు శాస్త్రిగారు ఫోనులో పట్టీ పంపించారు. నాన్న వైపు మూడు తరాలు, అమ్మ వైపు మూడు తరాలు. తర్వాత పెదనాన్నలు, పెద్దమ్మలు, మేనత్తలు, స్నేహం చేసినవాళ్ళు, ఎవరూ లేనివాళ్ళు. ఒక్కరినీ వదలకూడదట. వదిలితే వాళ్ళు చెయ్యి చాపుకుని అక్కడే నిలబడి ఉంటారట.

అన్నం తినబుద్ధి కాలేదు. మధ్యాహ్నం కొంచెం పెరుగన్నం తిన్నాను.

సెప్టెంబరు 5, గురువారం

పేర్లు రాయించాను. వాడు కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నేను కింద. కోడలు సుగుణ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. ఆయన పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు. సుగుణే "జంగయ్య అని రాయిండ్రి, అత్తమ్మ చెప్తదా ఏంది?" అంది.

అత్తగారి పేరు చెప్పాను. ఆమె అత్త పేరు తెలియదు. మా అమ్మ పేరు, మా నాయనమ్మ పేరు చెప్పాను.

"పెద్దమ్మలు?" అన్నాడు.

"ఒక్కతే. అండాలు."

"గీమె సంగతి ఎప్పుడు చెప్పలేదేంది?"

"చెప్పడానికేముంది. చిన్నప్పుడే పాయె."

"పెండ్లయిందా?"

"అయింది."

"పిల్లలు?"

"లేరు" అన్నాను.

వాడు రాశాడు. పెద్దమ్మ, అండాలు, పిల్లలు లేరు. "పాపం. పిల్లలు లేరంటె పెట్టెటోళ్ళు సుత లేరన్నట్టే గద. మనమే పెడదాం తియ్" అని ఆ పేరు కింద గీత గీశాడు.

ఏ ఊరికి ఇచ్చారు అని అడుగుతాడేమోనని పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు.

సెప్టెంబరు 6, శుక్రవారం

ఇక్కడ రాస్తే ఎవరూ చదవరు. రాస్తాను.

పర్వతాలును కన్నది అక్క. నేను కాదు. భువనగిరి అవతల మా అమ్మగారింట్లో కన్నది. రెండు పగళ్ళు, ఒక రాత్రి నొప్పులు పడింది. నాకు పదహారేళ్ళు. లోపలికి రానివ్వలేదు. తలుపు బయట గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. పదకొండో రోజు జ్వరంతో పోయింది. మూడో నెలలో నాకూ ఆయనకూ ముడి వేశారు. ఐదు నెలల పిల్లవాణ్ణి చంకన వేసుకుని లాలాగూడ రైల్వే క్వార్టర్‌కు వచ్చాను. ఇక్కడ ఎవరికీ తెలియదు. అందరూ తల్లినే అనుకున్నారు. "వానికి చెప్పకు. సవతి తల్లి అన్న మాట వాని చెవుల పడొద్దు" అన్నారు ఆయన. ఆయన మంచికే అన్నారు.

ఒక్క సలోమక్క కనిపెట్టింది. పక్క క్వార్టరే. పిల్లవాడు ఏడుస్తుంటే సీసా పాలు పడుతున్నాను. "నీకు పాలు లేవా పిల్లా?" అని అడిగి, నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. అప్పుడు ఆమెకు చంటి ఆడపిల్ల ఉండేది. వాణ్ణి తీసుకుని తన పిల్లతో పాటే పాలిచ్చింది. ఏడాది దాకా ఇచ్చింది.

నాకు తర్వాత పిల్లలు పుట్టలేదు. పుట్టి ఉంటే చెప్పేదాన్నేమో.

అమ్మ, బాపు వాడికి పదేళ్ళు రాకముందే పోయారు. తెలిసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఎవరు పోయినా ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూనే లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు పేరైతే పట్టీలోకి ఎక్కింది. పెద్దమ్మ అనైనా ఎక్కింది. ఒక ముద్ద దొరుకుతుంది. ఒక ముద్ద చాలు.

సెప్టెంబరు 8, ఆదివారం

సలోమక్క చర్చి నుంచి నేరుగా వచ్చింది. తెల్ల చీర, చేతిలో సంచి. సుగుణ చాయ్ ఇచ్చి మేడ మీదకు బట్టలు తేవడానికి వెళ్ళింది. అప్పుడు చెప్పాను, పిల్లలు లేరని రాయించిన సంగతి.

సలోమక్క గ్లాసు కింద పెట్టింది. "వాని చేతనే రాయించినవా?"

"ఏం జెయ్యాలె మరి?"

"చెప్పాలె. గంతే. ఆయన పాయె, మీ అమ్మోళ్ళు పాయిరి. రేపు నువ్వు పోతవ్, ఎల్లుండి నేను పోత. ఇగ ఎవరు చెప్తరే వానికి?"

"వాడు నన్ను ఇడిసిపెడ్తే?"

"ఇడిసిపెట్టి యాడికి పోతడు? వాని షుగర్ గోలీలు నువ్వు దాస్తవు, నీయి వాడు దాస్తడు."

నాకు నవ్వు రాలేదు. ఆమె గ్లాసు ఎత్తి చాయ్ తాగేసి, "నా పాలు సుత తాగిండు గద, నాకొక ముద్ద పెడ్తడా అక్కడ?" అంది.

"నువ్వు బతికే ఉన్నవు గదనె."

"అయితె నాకు చాయ్ చాలు. ఇంకో సగం గ్లాసు పొయ్యమను" అంది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి మళ్ళీ అదే మాట అంది. చెప్పు.

సెప్టెంబరు 10, మంగళవారం

పర్వతాలు ఫోను చూస్తూ చదివాడు. తల్లి లేనివాళ్ళు గయలో తల్లికి వేరుగా పదహారు పిండాలు పెట్టాలట. కడుపులో మోసినప్పటి నుంచి పెంచేదాకా ఆమె పడ్డ ఒక్కొక్క కష్టానికీ ఒక్కొక్కటి. తండ్రికి కూడా అట్లా లేదట. తల్లికే.

"మనకు గది లేదు. మస్తు టైం పడ్తదట, బతికినం" అని నా మోకాలు తట్టాడు.

పదహారు.

అక్కకు పట్టీలో ఒకటి.

సెప్టెంబరు 11

ఒక ముద్ద చాలు. పుణ్యక్షేత్రంలో ఒకటైనా వందతో సమానమని టీవీలో చెప్పారు.

సెప్టెంబరు 13, శుక్రవారం

సుగుణ రాంగోపాల్‌పేటకు వెళ్ళింది, పర్వతాలుకు కట్టుకోవడానికి పంచె, చిన్న రాగి చెంబు కొనాలని. ఇంట్లో ఎవరూ లేరు. మనవరాలు కాలేజీకి పోతూ ఫోనులో శాస్త్రిగారి పేరు తీసి ఇచ్చింది. ఎందుకని అడిగితే ఉప్పు మానాలా వద్దా అని అడగాలన్నాను. ఈ వయసులో మనవరాలితో కూడా అబద్ధం.

శాస్త్రిగారిది ఆంధ్ర మాట. మెత్తగానే మాట్లాడారు. అడిగాను, పెద్దమ్మకు పదహారు పెట్టొచ్చా అని.

"పెద్దమ్మకి ఒకటేనమ్మా. పదహారూ తల్లికే."

"పెద్దమ్మ శానా కష్టపడ్డదయ్యా."

"ఎవరు పడలేదమ్మా? అందరికీ పదహారు పెట్టుకుంటూ పోతే ఫల్గు నది ఒడ్డు చాలదు."

"మరి తల్లి ఉన్నోళ్ళు?"

"ఉన్న తల్లికి పిండం ఏమిటమ్మా, అన్నం పెట్టాలి గానీ" అని నవ్వారు. ఎవరి తరఫున అడుగుతున్నారు అన్నారు. పక్కింటివాళ్ళ కోసమని చెప్పి పెట్టేశాను. పేరు అడగలేదు కదా అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, నెంబరు పడుతుంది.

ఉప్పు సంగతి అడగనే లేదు.

సెప్టెంబరు 17, మంగళవారం

గణపతులు వెళ్ళిపోతున్నాయి. గల్లీ అంతా డప్పులు. వాడు గుమ్మంలో నిలబడి చూస్తుంటే చెప్పేద్దామని వెనక నుంచి పిలిచాను. వినపడలేదు. మళ్ళీ పిలవలేదు.

సెప్టెంబరు 19, గురువారం

సర్దడం అయింది. మందులు రెండు చోట్ల పెట్టాను, ఒక సంచి పోయినా ఇంకొకటి ఉంటుందని. సుగుణ రావడం లేదు, మనవరాలికి పరీక్షలు. అంటే బండిలో వాడూ నేనే. చెప్పాలంటే అంతకంటే మంచి సమయం దొరకదు. ముప్పై గంటలు.

ఇంట్లో చెప్పడం కంటే అదే మంచిది. బండిలో చెబుతాను.

సెప్టెంబరు 21, శనివారం. బండిలో

చెప్పలేదు. ఎదురు సీట్లో నిర్మల్ ఊరివాళ్ళు ఉన్నారు, వాళ్ళూ గయకే. వాళ్ళ మాటలు తెగవు. అందరి ముందు ఎట్లా చెప్పడం?

అన్ని స్టేషన్లలోనూ వాడు దిగుతున్నాడు. నీళ్ళకు ఒకసారి, అరటిపండ్లకు ఒకసారి. బండి కదులుతుంటే ఎక్కుతున్నాడు. నా ప్రాణం పోతోంది. కిటికీలోంచి అరిస్తే నిర్మల్ ఆమె, "గంత పెద్ద కొడుకును గట్ల పిలుస్తరేంది పెద్దమ్మా, మా ఆయన్ను పిల్సినా ఇనడు, మీ కొడుకు నయం" అంది.

సెప్టెంబరు 23, సోమవారం. గయ

నిన్న మొగల్‌సరాయ్‌లో దిగి ఇంకో బండి ఎక్కి వచ్చాము. సత్రంలో గది దొరికింది. కింది గదే, దేవుడి దయ. పెద్దల పక్షాలు కదా, దేశమంతా ఇక్కడే ఉంది. అందరివీ గుండు చేసిన తలలే, తెల్ల పంచెలే. పర్వతాలు కూడా గుండు చేయించుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడితే ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. చెవులు అక్క చెవులు. ఇన్నాళ్ళూ జుట్టు కింద కనబడలేదు.

ఈ రోజు నది ఒడ్డున పెట్టాడు. ఆయనకు, మామగారికి, పెద్దలందరికీ. పేరు పిలిచినప్పుడల్లా శాస్త్రిగారి వైపు చూస్తూ, ఆయన చెప్పినట్టే అన్నాడు. వీపు నొప్పి ఉన్నా కదలకుండా కూర్చున్నాడు. పెద్దమ్మల వరస రేపట.

శాస్త్రిగారు నా వైపు రెండు సార్లు చూశారు. గొంతు గుర్తుపట్టారేమో. నేను మాట్లాడలేదు. సైగలు చేశాను. మూగదాన్ననుకున్నా ఫరవాలేదు.

రేపు ఒక్క రోజే ఉంది.

సెప్టెంబరు 24, మంగళవారం

చెప్పాను.

సెప్టెంబరు 25, బుధవారం

నిన్న రాయడానికి చెయ్యి రాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తర్వాత నేనే మార్చుకుంటాను లేకపోతే.

విష్ణుపాదం గుడిలో రాతి స్తంభాల మధ్య మన తెలుగువాళ్ళను ఇరవై మందిని వరసగా కూర్చోబెట్టారు. ముందు ఇత్తడి పళ్ళాలు, బియ్యప్పిండి, నువ్వులు. శాస్త్రిగారు నిలబడి, "తల్లి ఉన్నవాళ్ళు లేచి పక్కకి వెళ్ళండి" అన్నారు. ముగ్గురు లేచారు. పర్వతాలు లేచాడు. లేచి నా దగ్గరకు వచ్చి, "నేను పాసయిన. చాయ్ తెస్త ఉండు" అని వెళ్ళాడు. మిగిలినవాళ్ళు వాడి వైపు చూసిన చూపు నేను చూశాను. ఈర్ష్యగా చూశారు.

నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. శాస్త్రిగారు మంత్రం చెప్పి, తర్వాత దాని అర్థం తెలుగులో చెబుతున్నారు. నిన్ను కడుపులో మోస్తూ ఎగుడుదిగుడు బాటలో నడిచిందే, దానికి ఈ ముద్ద. నెల నెలా పెరిగిన బరువుకు ఈ ముద్ద. లోపల నువ్వు తన్నిన తన్నులకు. కనేటప్పుడు పడిన యాతనకు. గుంటూరు వైపు పెద్దమనిషి ఒకాయన, డెబ్బై ఏళ్ళుంటాయి, ముద్ద పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నాడు.

నేను పంచడం మొదలుపెట్టాను. మనసు ఊరుకోదు కదా. మోసింది అక్క. బరువు అక్కది. తన్నులు అక్కవి. నొప్పులు అక్కవి. ఆ నొప్పులు నావని సుగుణకు ఆమె పురిటికి ముందు చెప్పాను. రెండు పగళ్ళు ఒక రాత్రి అని లెక్కతో సహా చెప్పాను. తర్వాత చాలామందికి చెప్పాను. చెప్పీ చెప్పీ నాకే నడుములో నొప్పి వచ్చేది.

చేదు కషాయాలు అక్కవి. పాలిచ్చి ఒళ్ళు ఎండినందుకు అన్నారు. అది సలోమక్కది.

తర్వాత, నువ్వు తడిపిన పక్కలో తాను పడుకుని నిన్ను పొడి వైపు జరిపిందే, దానికి, అన్నారు. అది నాది. నువ్వు జ్వరపడితే నిద్ర మానిందే అన్నారు. అది నాది. తన ముద్ద నీకు పెట్టి తాను పస్తు ఉందే అన్నారు. నాది. నాది అనుకుంటుంటే సంతోషం కలిగింది. గుడిలో, పిండాల ముందు, సిగ్గు లేకుండా సంతోషం కలిగింది.

అప్పుడు తట్టింది. ఆ తడి పక్క కూడా అక్కదే. పదకొండు రోజులే దొరికింది ఆమెకు. బతికి ఉంటే అవన్నీ ఆమెవే. నేను కష్టపడ్డాననుకుంటున్నాను గానీ ఆమె విస్తరి ముందు కూర్చుని యాభై ఏళ్ళు తిన్నాను. ఇప్పుడు ఆమెకు ఒక ముద్ద చాలు అంటున్నాను.

వాడు మట్టి కప్పులో చాయ్ తెచ్చాడు. "చక్కెర తక్కువ ఎయ్యమన్న. ఏసిండో లేదో" అన్నాడు.

"పక్కకు పెట్టు. పోయి కూచో" అన్నాను.

"యాడ?"

"ఆ వరసల."

"గది తల్లి లేనోళ్ళకమ్మా. ఏమైంది నీకు, ఎండ తగిలిందా?"

"నీ తల్లి లేదు బిడ్డా. అండాలు నీకు పెద్దమ్మ కాదు. నిన్ను కన్నది ఆమె. పదకొండో రోజు పోయింది. నేను నీ చిన్నమ్మను."

వాడు నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆపేశాడు. చాయ్ వాడి చేతి మీద ఒలికింది. కాలి ఉంటుంది, కానీ కప్పు వదల్లేదు.

శాస్త్రిగారు ఇటు చూశారు. "ఏమైందమ్మా?"

"వీనికి సుత చేయించుండ్రి."

"ఇందాక తల్లి ఉందన్నారుగా?"

"ఉన్నదాన్ని నేను. పోయినామె వేరే."

గొంతు గుర్తుపట్టేశారు. ఫోను సంగతి మాత్రం ఎత్తలేదు, అది ఆయన మంచితనం. వరస అంతా తలలు తిప్పి మమ్మల్నే చూస్తోంది. వాడు అట్లాగే నిలబడి ఉన్నాడు. నేను చచ్చిపోతే బాగుండును అనుకున్నాను. ఆ గుంటూరు పెద్దమనిషి కళ్ళు తుడుచుకుని, "కూర్చో నాయనా. మాటలు తర్వాతైనా ఉంటాయి. పిండి ఆరిపోతుంది" అని తన పక్కన చోటు ఇచ్చాడు.

వాడు కూర్చున్నాడు. చాయ్ కప్పు నా దగ్గర పెట్టి కూర్చున్నాడు.

"తల్లి పేరు?" అన్నారు శాస్త్రిగారు.

వాడు పంచె కొసతో చాయ్ ఒలికిన చెయ్యి తుడుచుకున్నాడు. తర్వాత, పట్టీలో చదివినట్టే, "అండాలు" అన్నాడు.

"ఆ పేరు పెద్దమ్మల్లో రాశారు. కొట్టేస్తున్నాను" అని కలం తీసి కొట్టేశారు.

వాడి ఒక్కడి కోసం మళ్ళీ మొదటి నుంచి చేయించారు. నేను లెక్కపెట్టాను.  వాడు పళ్ళెం మీద నుంచి చూపు తిప్పలేదు. తడి పక్క ముద్ద పెట్టేటప్పుడు మాత్రం తల తిప్పి నా వైపు చూశాడు. కోపమో ఏమో తెలియలేదు. నాకు కళ్ళు సరిగా కనిపించవు కూడా.

పదహారు పెట్టాడు.

సత్రానికి నడిచి వచ్చాము. గుంటలున్న చోట నా చెయ్యి పట్టుకున్నాడు. దాటాక వదిలేశాడు. 

సెప్టెంబరు 26, గురువారం

"తిన్నవా" అన్నాడు. "గోలి ఏసుకున్నవా" అన్నాడు. "చెప్పులు ఈడ పెట్టు" అన్నాడు.

అమ్మా అనలేదు. నిన్నటి నుంచి చూస్తున్నాను.

సెప్టెంబరు 28, శనివారం. బండిలో

ఇటార్సీ దాటాక ఒక మాట అన్నాడు. కిటికీ వైపు తిరిగి ఉన్నాడు, నాతోనా కాదా అన్నట్టు.

"కన్నది కాదని బాధ లేదు. పిల్లలు లేరని నాతోనే రాయించినవ్. నేను పాపం అన్న."

 నాగపూర్‌లో వాడి గోలీ, నీళ్ళు తీసి వాడి పక్కన పెట్టాను. 

ఈ రోజు కూడా పిలవలేదు.

సెప్టెంబరు 30, సోమవారం

ఇంటికి వచ్చాము. సుగుణకు వాడే చెప్పాడు. నేను దేవుడి గదిలో ఉన్నాను, వినిపించింది. సుగుణ వచ్చి నా పక్కన కూర్చుంది. నన్ను తిడుతుందని చూశాను.

"అత్తమ్మా, మరి ఆ నొప్పులు? రెండు పగళ్ళు, ఒక రాత్రి అంటిరి గద. నేను దవాఖానల ఉన్నప్పుడు గదే తలుసుకుని ధైర్యం చేసిన."

"నేను తలుపు బయట ఉన్నా" అన్నాను.

 "గొళ్ళెం పట్టుకున్న అంటిరి. లోపలోళ్ళు గొళ్ళెం ఎట్ల పట్టుకుంటరని అప్పుడే అనుకున్న" అంది. నవ్విందో ఏడ్చిందో. లేచి బియ్యం కడగడానికి వెళ్ళింది.

అక్టోబరు 2, బుధవారం. పెత్రమాస, పెద్దల అమావాస్య

వాడు పొద్దున్నే బియ్యం, పప్పు, కూరగాయలు తీసుకుని గుడికి వెళ్ళి అయ్యగారికి పెద్దల పేరు మీద ఇచ్చి వచ్చాడు. సుగుణ కూడా వెళ్ళింది. నాన్న జంగయ్య, అమ్మ అండాలు అని గట్టిగా చెప్పాడట. గల్లీ ఆడవాళ్ళు అందరూ విన్నారట. "విన్నరు గద అని మీకు చెప్పిన, పరేషాన్ కాకుండ్రి" అంది సుగుణ. నేను పరేషాన్ కాలేదు. కొంచెం అయ్యాను.

మధ్యాహ్నం పెద్దలకు విస్తరి వేసేటప్పుడు వాడు నన్ను అడిగాడు. "ఆమెకు ఏం ఇష్టముండె తినుడు?"

గుర్తు రాలేదు.

ఎంత వెతికినా రాలేదు. కలిసి ఒకే పళ్ళెంలో తిన్న అక్క. యాభై ఏళ్ళు ఆమె పేరు ఎత్తకుండా ఉండేసరికి మనిషే చెరిగిపోయింది. గుర్తు లేదన్నాను.

"మంచిగ యాద్ చేస్కో" అని వెళ్ళిపోయాడు.

బయట ఆడపిల్లలు బతుకమ్మ ఆడుతున్నారు. వెళ్ళలేదు. అక్క పోయినప్పుడు కూడా ఏడవలేదు నేను. పిల్లవాణ్ణి నా ఒళ్ళో పెట్టారు. ఏడిస్తే వాడు లేస్తాడని ఏడవలేదు. ఈ రోజు కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చాను.

అక్టోబరు 3, గురువారం

వేయించిన చింతగింజలు!

ఇల్లు ఊడుస్తుంటే గుర్తొచ్చింది. చింతగింజలు వేయించి, పొట్టు కొట్టి, చీర కొంగులో కట్టుకుని రోజంతా నమిలేది. పళ్ళు పోతాయని అమ్మ తిట్టేది. నాకు అడిగితే ఇచ్చేది కాదు, లెక్కపెట్టి రెండే ఇచ్చేది. పిసినారి. వాడు డ్యూటీ నుంచి వచ్చాక చెప్పాను. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"పిసినారా?" అన్నాడు.

"పిసినారే. పాట మంచిగ పాడేది. నా జడ గట్టిగ ఏసేది, నెత్తి నొచ్చేది."

"ఇంక?"

ఇంకా చెప్పాను. చెబుతుంటే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చెప్పులు విప్పి వచ్చి కింద కూర్చున్నాడు. చెవులు ఆమెవేనని చెప్పాను. చెయ్యి పెట్టి తడుముకున్నాడు. సుగుణ అన్నానికి రెండు సార్లు పిలిచింది.

అక్టోబరు 6, ఆదివారం

సలోమక్క వచ్చింది. వాడు ఇంట్లోనే ఉన్నాడు. "ఏంరా, నా పాలు తాగి నాకు ముద్ద పెట్టకుండ వచ్చినవంట?" అంది. వాడికి అది తెలియదు. నా వైపు చూశాడు. తల ఊపాను.

"ఇంక ఎంతమందున్నరు నాకు అమ్మలు? ఇప్పుడే చెప్పుండ్రి, ఒక్కసారే రాసుకుంట" అన్నాడు. సలోమక్క పడీ పడీ నవ్వింది. గయ నుంచి వచ్చాక వాడి నోట అట్లాంటి మాట వినడం ఇదే.

ఆమె వెళ్ళాక నేను మెంతికూర తుంచుతున్నాను. వాడు పేపరు చూస్తున్నాడు. పేపరులోంచి తల ఎత్తకుండానే, "శాస్త్రికి ఫోన్ చేసిన పొద్దున" అన్నాడు.

"ఎందుకు?" అన్నాను. ఏదో తప్పు జరిగిందేమో, ముద్దలు లెక్క తప్పాయేమో అనుకున్నాను.

"అడిగిన. పెంచినామెకు సుత పదహారు పెట్టొచ్చా అని. పెట్టొచ్చంట."

నేను మెంతి ఆకులతో పాటు కాడలు కూడా గిన్నెలో వేశాను.

"అంటే మళ్ళ పోవాల్నన్నట్టు గంత దూరం" అని విసుక్కున్నాడు. పేజీ తిప్పాడు. "ఇప్పుడైతె నాకు సెలవు దొరకది. రిటైరయ్యేదాక దొరకది. గోలీలు టైముకు ఏస్కో."

రిటైరు కావడానికి వాడికి ఇంకా తొమ్మిదేళ్ళుంది. నాకు అప్పటికి డెబ్బై ఆరు. ఉంటానో లేదో. ఉండాలి. అరవై ఏళ్ళ మనిషి అంత దూరం ఒక్కడే ఎట్లా వెళ్తాడు, ఈసారి సుగుణను తప్పకుండా తీసుకుపొమ్మనాలి. చలికాలమైతే ఆ వైపు పొగమంచుకు బండ్లు గంటలకొద్దీ నిలిచిపోతాయట, నిర్మల్ ఆమె చెప్పింది. చలికాలంలో కన్ను మూయకూడదు నేను. ఎండాకాలమైతే ఆ గుడి రాళ్ళ మీద కాళ్ళు పొక్కుతాయి, వాడిది లేత పాదం చిన్నప్పటి నుంచి. వానల్లో బాటలు మునుగుతాయి. ఏ నెలలో నేను పోతే వాడికి సుళువో, శాస్త్రిగారికి ఫోన్ చేసి అడగాలి.